విద్యాబోధన – సహానుభూతి

సంస్కృతం నుండి తెలుగునకు వచ్చిన ‘సహానుభూతి’ అను మాటను, ఫారసీ నుండి ఉర్దూకు వచ్చిన ‘హమ్‌దర్దీ’ అను మాటను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో రెండింటి కట్టుబడి ఒక్కటేనని తెలుస్తుంది. ‘సహ’ అన్నను, ‘హమ్’ అన్నను తోడుగా అనియే అర్థము. ఒకటి తోడుగా అనుభవించుట. రెండవది తోడుగా నొప్పిపడుట. ఈ రెండు మాటలలోనూ జాలి అను భావము లేదు. జాలి పై మెట్టు మీద నిలిచి క్రిందికి చూస్తుంది. సహానుభూతి క్రింది మెట్టుకు దిగివచ్చి, అక్కడనుండి లోకము ఎట్లు కనబడుచున్నదో చూడగోరుతుంది. విద్యాలయాలలో మొదటిదానికి కొదువ లేదు. బీద విద్యార్థికి పుస్తకాలు కొనిపెట్టే ఉపాధ్యాయులను, రుసుము చెల్లించే పెద్దలను మేము అనేకులను ఎరుగుదుము, వారికి నమస్కారము. కాని అదే విద్యార్థి తరగతిలో నోరు విప్పి ఒక వాక్యము తప్పుగా పలికినపుడు నలుగురితో కలిసి నవ్వని ఉపాధ్యాయులు ఎందరని లెక్కించినచో సంఖ్య తగ్గుతుంది.

ఈ సంచికను కుడివైపు నుండి తెరచువారికి ఉర్దూ, ఎడమవైపు నుండి తెరచువారికి తెలుగు లభిస్తుంది. రెండు భాషలు ఎదురెదురుగా నడచివచ్చి నడుమ ఎక్కడనో కలుసుకొంటాయి. తరగతి గదిలో ఆ కలయిక ఇంత సుఖముగా జరుగుట లేదు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉద్యోగమునకు తెలుగు తప్పదని గ్రహించి, మన తెలుగు తరగతిలోనికి వచ్చి కూర్చునే విద్యార్థులు ఏటేటా కొందరు ఉంటున్నారు. వారు సాధారణముగా కిటికీ ప్రక్క చివరి బల్లను ఎన్నుకొంటారు. హాజరు పిలిచినపుడు తప్ప వారి కంఠము వినబడదు. వీరిని గూర్చి అధ్యాపకుల గదిలో వినవచ్చే మాట ఒక్కటే: “వీళ్లకు తెలుగు రాదండీ, ఎన్నిసార్లు చెప్పినా రాదు.” ఈ మాటను మేము కొంచెము విడమరచి చూడదలచుకొన్నాము. ఏలనన ఇందులో ‘రాదు’ అన్నది విద్యార్థిని గూర్చిన సత్యము కాదు. చెప్పువారి ఎరుక ఎంతవరకు ఉన్నదో తెలిపే కొలబద్ద.

ఒక ఉదాహరణ. జవాబు పత్రములో ఒక విద్యార్థి “గాలివానకు గోడ పడిపోయింది” అని సరిగా వ్రాసి, ఆ మరుసటి పంక్తిలోనే “ఇల్లు పడిపోయాడు” అని వ్రాస్తాడు. దిద్దువారికి ఇది నిర్లక్ష్యముగా తోస్తుంది. ఒక పంక్తిలో తెలిసినది రెండవ పంక్తిలో తెలియకపోవుట ఏమి? ఎర్రసిరా గీత, ప్రక్కన ఒక ఆశ్చర్యార్థకము. కాని ఉర్దూ తెలిసినవానికి ఇందులో ఆశ్చర్యము లేదు. ఉర్దూలో గోడ, అనగా దీవార్, స్త్రీలింగము. ఇల్లు, అనగా ఘర్, పుంలింగము. ఆ విద్యార్థి అమ్మ దగ్గర నేర్చిన వ్యాకరణమును పొల్లుపోకుండా పాటించినాడు. తెలుగులో ప్రాణము లేని వస్తువులకు ‘డు’ రాదని అతనికి ఎవరును చెప్పలేదు; చెప్పువారికి, చెప్పవలసిన అవసరము ఒకటి ఉన్నదని తెలియదు. తప్పు వెనుక ఉన్న నియమమును చూపినచో ఒక్క గంటలో సరియగు విషయము, ఎర్రసిరా గీతతో మూడేండ్లు గడచినా అట్లే నిలిచిపోతుంది.

ఇదే తప్పును మన తెలుగు విద్యార్థులు హిందీ పరీక్షలో తలక్రిందులుగా చేస్తారు. “గాడీ ఆయా” అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనే తెలుగు బాలుని మనము మందబుద్ధి అనము. “హిందీలో లింగభేదము కష్టమే” అని సమాధానపడతాము. ఆ సమాధానములో సగమైనను ఇవతలివానికి ఇవ్వవలదా?

ఉచ్చారణ సంగతి ఇంకను సున్నితమైనది. ఉర్దూలో ‘ళ’ లేదు, ‘ణ’ లేదు. కండ్లకలక వచ్చిన పిల్లవాడు లేచి “సార్, కల్లు నొప్పిగా ఉన్నది” అంటే తరగతి అంతా గొల్లుమంటుంది. అందునా ముసల్మాను పిల్లవాని నోట కల్లు అనగానే ఆ నవ్వునకు హద్దు ఉండదు. నవ్వినవారు దుర్మార్గులు కారు. వారికి అది నిజముగానే నవ్వుపుట్టించే సంగతి. కాని ఆ పిల్లవాడు ఆ రోజున ఒక పాఠము నేర్చుకొంటాడు: నోరు తెరవకుండుట క్షేమము. ఆ పాఠము మాత్రము వాడు జీవితములో మరువడు. గజల్ అను మాటను ఉర్దూవారు పలికినట్లు పలుకలేని తెలుగు పండితులు ఎందరో ఉన్నారు. గొంతులోనుండి వచ్చే ఆ ‘గ’కారము, పండ్ల మధ్యనుండి వచ్చే ఆ ‘జ’కారము మనకు కొత్తవి. ముషాయిరాలో ఎవరైనా వారిని చూచి గొల్లుమన్నారా?

తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండు మాటలు ఉన్నవి. పుస్తకపు ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. ఈ కారణముచేత మా వద్దకు వచ్చే సెలవు చీటీలలో “అయ్యా, రేపు మనము పెండ్లికి వెళుచున్నాము, కావున సెలవు ఇప్పించ ప్రార్థన” అని ఉంటుంది. అధ్యాపకుని కూడ పెండ్లికి తీసుకొనిపోవు ఈ చీటీని చింపివేయవచ్చును. లేదా, “బిర్యానీ ఉన్నచో తప్పక వస్తాము” అని నవ్వి, నల్లబల్ల మీద రెండు వాక్యములు వ్రాసి, వినేవానిని కలుపుకొన్నప్పుడు ‘మనము’, కలుపుకొననప్పుడు ‘మేము’ అని చెప్పవచ్చును. ఆ నవ్వులో విద్యార్థి కూడ పాల్గొంటాడు. రెండు విధముల నవ్వునకు గల భేదము ఇదియే.

మరొక విశేషము ఉన్నది. మన ఇండ్లలో పలికే దక్ఖనీని చిన్నచూపు చూచుట ఉర్దూ పండితులకును, తెలుగు పండితులకును సమానమైన అలవాటు. కాని ఆ దక్ఖనీ వాక్యమును పరిశీలించినచో అందులో తెలుగు నడక దాగి ఉన్నది. “ఆతూఁ బోల్కే బోలా” అని మన వీధులలో అంటారు. “వస్తాను అని చెప్పాడు” అను తెలుగు వాక్యమునకు ఇది అచ్చుగ్రుద్దిన ప్రతి. ‘అని’ ఉన్నచోట ‘బోల్కే’ ఉన్నది. గ్రంథస్థమైన ఉర్దూలో వాక్యము ఇట్లు నడవదు. శతాబ్దాల తరబడి తెలుగువారి ఇరుగుపొరుగున బ్రతికిన భాష అది. అనగా చివరి బల్ల మీద మౌనముగా కూర్చున్న ఆ విద్యార్థి తెలుగు వాక్యనిర్మాణమును సగము తెలిసియే వచ్చినాడు. వానికి తెలిసినదానినుండి తెలియనిదానికి వంతెన వేయవలసినవాడు ఉపాధ్యాయుడు. సహానుభూతి అనగా మెత్తని మాట మాత్రమే అని భావించువారు ఉన్నారు. మా దృష్టిలో అది మొదట ఒక విధమైన తెలివి, కృషితో సంపాదించుకొనవలసిన ఎరుక.

ఇట్టి కృషికి మన దేశములోనే గొప్ప నిదర్శనము ఉన్నది. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమము స్ఫురిస్తుంది. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొంటున్నాము. అంతకంటె ముందుగానే, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న రోజులలో, సవరల మాట వారికి తప్ప తక్కినవారికి తెలియదని గమనించి, ఆ భాష తెలిసినవానిని తన ఇంట నిలుపుకొని నేర్చుకొన్నారు. సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించుటకు బడులు పెట్టించినారు, పాఠ్యపుస్తకములు వ్రాసినారు. 1931లో ఆ భాషకు వ్యాకరణము, 1938లో నిఘంటువు వెలువడినవి. దశాబ్దాల శ్రమ ఇది. సవర పిల్లలకు తెలుగు రాదని నిట్టూర్చి ఊరుకొనుటకు ఆయనకును వీలుండెను. పిల్లవానికి నా భాష రాదు అనుటకు బదులు, నాకు పిల్లవాని భాష రాదు అని ఆయన అనుకొన్నారు. మన తెలుగు అధ్యాపకులలో ఉర్దూ అక్షరములు గుర్తించగలవారు ఎందరు? ఉర్దూ అధ్యాపకులలో వేమన పద్యము అర్థము చేసికొనగలవారు ఎందరు? ఒకే వరండాలో ఎదురెదురు గదులలో పాఠములు చెప్పుచున్నాము!

చరిత్రలో ఈ బల్లలు ఒకసారి తారుమారు అయినవి కూడ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనభాష ఉర్దూ. నిజాము రాజ్యములో తెలుగు బాలుడు పై తరగతులకు పోవలెనన్నచో ఉర్దూలోనే గణితము, చరిత్ర చదువవలసి వచ్చెడిది. నాడు చివరి బల్ల మీద కూర్చున్నవాడు తెలుగు బాలుడు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధిని భవనములో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అను న్యాయవాది తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేసినారు. ఆ అవమానమునుండియే ఆంధ్ర జన సంఘము పుట్టినది. ఆ సంఘమునుండి పెరిగిన ఉద్యమము తెలంగాణ చరిత్రను మలుపు త్రిప్పినది. ఒక గదిలోని నవ్వు ఎంతదూరము పోగలదో దీనిచేత తెలియుచున్నది. ఆ ఉర్దూ మాధ్యమములో చదివినవారిలోనుండియే సి. నారాయణరెడ్డి గారు వచ్చినారు. రెండు భాషల నీరు త్రాగినందువలననే తెలుగులో గజల్ వ్రాయగలిగినారని మా అభిప్రాయము. 1988లో జ్ఞానపీఠ పురస్కారము ఆయనను వరించినది. అయితే ఆయనతోబాటు అదే తరగతులలో కూర్చుండి, భాష అడ్డుపడి, చదువు మాని పొలమునకు మరలినవారి పేర్లు ఏ పుస్తకములోను లేవు. విజయము పొందినవానిని చూపి “చూడు, అతడు చదువలేదా?” అనుట విద్యాలయాలలో నిత్యము జరిగే అన్యాయము.

2018లో తెలంగాణ శాసనసభ ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు అన్ని పాఠశాలలలో తెలుగును తప్పనిసరి చేసినది. ఈ చట్టమును మేము స్వాగతించువారము. మనము పుట్టిన నేల భాష మనకు రాకపోవుట మనకే నష్టము. కాని తప్పనిసరి చేసిన పిమ్మట బోధించు విధము గూర్చి ఆలోచించు బాధ్యత రెట్టింపు అవుతుంది. బలవంతముగా కూర్చుండబెట్టిన తరగతిలో నవ్వులపాలు అయిన పిల్లవాడు ఆ భాషను ద్వేషించుట నేర్చుకొంటాడే గాని భాషను నేర్చుకొనడు.

ఇచట పెద్దలు ఒక ఆక్షేపణ తెస్తారు. “మేము దెబ్బలు తిని చదువుకొన్నాము, చెడిపోయామా?” అని. మా తాతల కాలమున పిల్లవానిని బడిలో చేర్చుచు, “గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ” అనెడివారు. మాంసము మీది, ఎముకలు మావి అని. తెలుగు వీధిబడులలో కోదండము వేయుట, గోడకుర్చీ వేయించుట ఉండెడివి. ఆ కాలపు గురువులలో మహానుభావులు లేకపోలేదు. కాని దెబ్బవలన చదువు వచ్చినదా, దెబ్బలు ఉన్నను చదువు వచ్చినదా అన్నది ఎవరును విచారింపరు. విచారించినవాడు ఒకడు ఆరువందల ఏండ్లకు పూర్వమే ఉన్నాడు. ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో విద్యార్థుల యెడల కాఠిన్యము వారికి చెరుపుచేస్తుందని ఒక అధ్యాయమే వ్రాసినాడు. బలాత్కారముతో పెరిగిన పిల్లవాడు ముడుచుకొనిపోతాడు, సోమరి అవుతాడు, శిక్షకు వెరచి లోపల ఉన్నదానికి భిన్నముగా పైకి చూపుట అలవరచుకొంటాడు, ఆ కపటము చివరకు వాని స్వభావమే అవుతుంది అని ఆయన వాదము. పిల్లల అబద్ధములకు మూలము పిల్లలలో గాక బెత్తములో వెదకిన ఆ చరిత్రకారుని చూపు నేటికిని కొత్తగానే ఉన్నది.

2009 నాటి విద్యా హక్కు చట్టము పదునేడవ సెక్షను శారీరక దండనను, మానసిక వేధింపును రెండింటిని నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి ఇది అమలులో ఉన్నది. బెత్తము చాలచోట్ల బీరువా వెనుకకు పోయినది. కాని రెండవ నిషేధమును అమలు చేయు అధికారి ఎవరు? ‘నీ మొహానికి ఇంతే’ అను మాటకు పంచనామా వ్రాయుట సాధ్యము కాదు. మార్కులను తక్కువనుండి ఎక్కువకు చదువుచు పోవుట, రుసుము కట్టనివారి పేర్లు అందరి ఎదుట పిలుచుట, అన్నను తమ్మునితో పోల్చుట, ఇవి అన్నియు చేతికి రక్తము అంటని దండనలు.

అట్లని సహానుభూతి పేరుతో మార్కులు దానముచేయుటను మేము అంగీకరింపము. అది కూడ ఒక విధమైన చిన్నచూపే. “పాపము, వాడు ఇంతకంటె వ్రాయలేడు” అని ముప్పదియైదు వేసి పంపివేసిన అధ్యాపకుడు, “నీవు వ్రాయగలవు, ఇంకొకసారి వ్రాయి” అని నాలుగుసార్లు తిరిగి వ్రాయించిన అధ్యాపకుని కంటె దయాళువు కాడు. మొదటివాడు తన శ్రమను తప్పించుకొన్నాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందదలచిన విద్యార్థినీ విద్యార్థులు మీలో చాలామంది ఉన్నారు. రేపు మీ ఎదుట కూర్చునే పిల్లలలో చెంచు పిల్లలు ఉండవచ్చును, లంబాడీ పిల్లలు ఉండవచ్చును. లంబాడీ పిల్లల ఇంటి భాష గోర్‌బోలీ అని మీకు తెలిసి ఉండవలెను. ఉర్దూ పిల్లవాడుగా మీరు పడిన ఇబ్బందిని వారి తరగతిలో మరచిపోవుట చాల తేలిక. అవమానము పొందినవాడు తనకంటె చిన్నవానిని అవమానించి తేరుకొనుట లోకములో ఉన్న సంగతే.

కమిటీ పెద్దలు అన్యథా భావింపరని నమ్మి ఇంకొక మాట. అధ్యాపకునికి సహానుభూతి ఉండవలెనని కోరువారు అధ్యాపకుని యెడల కూడ దానిని చూపవలెను. గంటల లెక్కన వేతనము పొందుచు, వచ్చే ఏడాది తన పేరు కాలపట్టికలో ఉండునో లేదో తెలియని యువ అధ్యాపకుడు, ఎనుబదిమంది ఉన్న తరగతిలో ప్రతి ఒక్కరి మొగము చదువవలెననుట న్యాయము కాదు. వానికి వారి పేర్లు తెలియువరకే విద్యా సంవత్సరము ముగుస్తుంది. రెండు మూడేండ్లు ఒకే కళాశాలలో నిలకడగా ఉన్న అధ్యాపకునికే, ఉదయపు మొదటి పీరియడుకు ఎప్పుడును ఆలస్యముగా వచ్చే విద్యార్థి తండ్రి టీకొట్టులో తెల్లవారుజామున గ్లాసులు కడిగి వస్తున్నాడని, రమ్జాను నెలలో మధ్యాహ్నము కునికే బాలిక సహరీకి ఇంటిల్లిపాదికి వంట చేసి వస్తున్నదని తెలిసే అవకాశము ఉంటుంది. ఈ సమాచారము దరఖాస్తు ఫారములలో ఉండదు. ఆలస్యమునకు జరిమానా విధించు నియమము ఉండుట మంచిదే. విధించుటకు ముందు ఒక ప్రశ్న అడుగుట ఇంకను మంచిది.

రుసుము బాకీల జాబితాను నోటీసు బోర్డు మీద అంటించు పద్ధతిని మాని, ఎవరి చీటీ వారికి ఇచ్చుటకు ఖర్చు ఏమియు లేదు. ఇక తెలుగు సంగతి. ఉర్దూ మాధ్యమమునుండి వచ్చి తెలుగును ఎన్నుకొన్నవారికి మొదటి ఆరు వారములు ప్రత్యేకముగా సాయంకాల తరగతి నడుపవలెనని మా సూచన. అందులో పద్యములు వద్దు, సంధులు వద్దు. లింగభేదము, ‘మేము–మనము’, ‘ల–ళ’, ఒక సెలవు చీటీ, ఒక బ్యాంకు దరఖాస్తు, ఒక దినపత్రికలోని వార్త, ఇంతే పాఠ్యప్రణాళిక. తెలుగు శాఖవారు ఒకరు, ఉర్దూ శాఖవారు ఒకరు ఇద్దరును ఒకే గదిలో ఉండవలెను. ఒకరు చెప్పుచుండగా రెండవవారు తప్పు ఎక్కడనుండి వచ్చినదో చూపుదురు. తెలుగు మాధ్యమపు విద్యార్థులలో ఉర్దూ అక్షరములు నేర్వగోరువారు ఉన్నచో వారును అదే గదిలో, అదే గంటలో కూర్చుండవచ్చును. అప్పుడు ఆ గదిలో తప్పులు చేయువారు రెండు పక్షములందును ఉందురు. ఉర్దూ శాఖ మిత్రులతో మాట్లాడియే ఈ సంగతి వ్రాస్తున్నాము. వారికి సమ్మతమే. అదనపు వేతనము ఎవరును కోరుట లేదు. గ్రంథాలయము ప్రక్కనున్న చిన్న గది, నల్లబల్ల, దీపము చాలును. వచ్చే విద్యా సంవత్సరపు ప్రవేశములు ముగియులోపల కమిటీవారు ఆ గది తాళము ఇప్పించినచో మొదటి సోమవారమునుండియే ప్రారంభింపగలము.